చింతల దారి బండ్లు

మానవపాడు,
8-6-2003.

ముబషిరా ఆపాకు,

అస్సలాము అలైకుం. ఇక్కడ అమ్మీ, నేను క్షేమం. అమ్మీ మోకాలికి రోజూ నూనె రాస్తున్నాను. నొప్పి తగ్గలేదు గాని నన్ను తిట్టడం కొంచెం తగ్గింది. ఫోన్ ఎందుకు చేయవని అడిగావు. మా బస్టాండు బూతులో నేను "బాగున్నావా ఆపా" అంటే బెంచీ మీద కూర్చున్న నలుగురూ "బాగుంది" అని జవాబు చెప్తారు. అందుకే ఉత్తరం. స్కూల్లో నేర్చిన తెలుగు మనిద్దరికీ ఇలా పనికొస్తోంది.

ఒక సంతోషం సంగతి. నా కొట్టుకు ఇప్పుడు రోజుకు పది బండ్లు వస్తున్నాయి. నంబరు ప్లేట్లు రాసేవాడి దగ్గర వరుస కట్టడం నువ్వెప్పుడన్నా చూశావా? ఇదంతా మా హైస్కూలు డ్రాయింగు మాస్టరు ఇస్రాయేలు సారు వల్ల. అలంపూర్ పోయే చింతల దారి నీకు తెలుసు కదా. నడి ఎండలో కూడా ఆ నాలుగు మైళ్ళు బండి మీద పోతే మెడకు చల్లగా తగులుతుంది. ఇప్పుడు దాన్ని వెడల్పు చేస్తారట. చెట్లన్నిటికీ కంట్రాక్టరు మనుషులు సున్నంతో నంబర్లు వేసి పోయారు. సారు అంటున్నది ఒక్కటే. పక్కన బంజరు ఉంది, రోడ్డును అటు జరపండి, చెట్లను ఉండనివ్వండి.

ఆ దారిలో రోజూ తిరిగే మోటారుసైకిళ్ళ వాళ్ళంతా ఆయన వెంట ఉన్నారు. ప్రతి బండికీ ఒక గుర్తు ఉండాలన్నారు. నంబరు ప్లేటు మీద నంబరు తప్ప ఇంకేదీ ఉండొద్దని బ్రేకు ఇన్‌స్పెక్టరు చెప్పాడట. అందుకే ప్లేటు కింద నాలుగు వేళ్ళ వెడల్పు పట్టీ బిగిస్తున్నాను. ఆకుపచ్చ చింతకొమ్మ, పక్కన "చింతల దారి" అని తెల్లక్షరాలు. రంగు ఖర్చు పోగా వచ్చింది ఆ దారికే. ఎండిపోయిన చెట్ల జాగాలో మొక్కలు పెట్టి నీళ్ళు పోయిస్తున్నారు. మొదటి పట్టీ పాల బుచ్చన్నది. బిగించాక వెనక్కి జరిగి చూసుకుని, "బండికన్న పట్టీనే కొత్తగున్నది జుబేరూ" అన్నాడు. ఇప్పటికి నలభై మూడు అయ్యాయి. ఎంత దూరం నుంచైనా కనబడతాయి.

మీ ఆయన, అదే మా దుల్హాభాయ్, ఇంకా ఆ ఇసుక లారీ మీదే ఉన్నాడా? పాపకు ముద్దులు.

నీ తమ్ముడు,
జుబేర్.


నాగర్‌కర్నూల్,
17-6-2003.

జుబేర్‌కు దీవెనలు.

నువ్వు సంతోషం సంగతి అని రాశావు. నేను అది చదివి లేచి తలుపు గడియ వేసి వచ్చాను. ఎందుకు వేశానో నాకే తెలియదు. చిన్నప్పుడు జాతరలో నువ్వు తప్పిపోయిన రోజు కూడా ముందే ఇలాగే ఊరికే లేచి గడియ వేశాను.

ఎంత దూరం నుంచైనా కనబడతాయని గొప్పగా రాశావే, నాకు భయం అదే. కంట్రాక్టరుతో కొట్లాటకు పోయే మనిషి తన ఇంటి నంబరు వీపు మీద రాసుకుని పోతాడా? నువ్వు నలభై మూడు మందికి అదే రాసి పంపావు. చెట్లు మంచివే. ఆ నీడలో మా పెళ్ళి జీపు ఆపి అమ్మీ నాకు మంచినీళ్ళు తాగించింది, మరిచిపోలేదు. కానీ చెట్ల కోసం మా ఒక్క తమ్ముడే దొరికాడా?

మీ దుల్హాభాయ్ ఇసుక లారీ మానేశాడు. రెండు నెలలుగా టిప్పరు మీద ఉన్నాడు. రోడ్డు పనికి కంకర తోలుతున్నాడు. పది రోజులకొకసారి ఇంటికొచ్చి ఒళ్ళంతా దుమ్ముతో పడుకుంటాడు. ఎక్కడ పని అంటే "పని ఉన్నకాడ" అంటాడు. అత్త తాజ్‌బీ దగ్గు అలాగే ఉంది. పాప నీకు సలాం చెప్పమంటూ ఈ కాగితం మీద గీత గీసింది, చూడు.

ఆ పట్టీలు ఇంక రాయకు.

ఆపా.


మానవపాడు,
5-7-2003.

ఆపాకు సలాం.

నీ ఉత్తరం చూసి నవ్వాను. నవ్వినందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

మంగళవారం మధ్యాహ్నం కొట్టు ముందు జీపు ఆగింది. రోడ్డు పని సూపర్‌వైజరు, దినేష్ అని పేరు. నా వయసే ఉంటుంది. ఇస్త్రీ చొక్కా, మెత్తటి గొంతు. స్టూలు తుడుచుకుని కూర్చున్నాడు.

"అక్షరాలు మంచిగ రాస్తవ్ తమ్మీ. ఎవరెవరి బండ్లకు రాసినవో జర చెప్పు."

"యాద్ లేదు సార్."

"యాద్ లేనోళ్ళు రాసి పెట్టుకుంటరు గదా. నంబర్ల పని. తప్పు పోతే ఎట్ల?"

రాసి పెట్టుకునే పుస్తకం ఒకటి నిజంగానే ఉంది. బండి నంబరు, మనిషి పేరు, ఊరు. తర్వాత పేచీ లేకుండా వాళ్ళ చేతనే రాయిస్తాను. ఆ సమయంలో అది నా తొడ కింద ఉంది. నేను లేవకుండా కూర్చున్నాను. అతను అది కూడా చూశాడనుకుంటాను. "తొందరేం లేదు, మల్లొస్త" అని పోయాడు. ఒక్క గట్టి మాట అనలేదు ఆపా. అందుకే ఎక్కువ భయమేసింది.

గురువారం పొద్దున కొట్టు తెరవడానికి పోతే, బయట వేలాడదీసిన నమూనా ప్లేట్లన్నీ కిందికి దింపి ఉన్నాయి. ఒక్కొక్కటీ సరిగ్గా మధ్యకు మడిచి, దొంతర పెట్టి, పైన రాయి పెట్టారు. ఒక్క వస్తువు పోలేదు.

ఇస్రాయేలు సారుకు చూపించాను. ఆయన ఆ దొంతరను చూసి, "పుస్తకం ఇయ్యకు" అన్నాడు. బుచ్చన్న అయితే నవ్వాడు. "నా బండి రోజూ ఆ దారినే పోతది. పుస్తకంల చూసుడెందుకు, రోడ్డు మీదనే చూస్కోమను" అన్నాడు. అమ్మీకి ఏమీ చెప్పలేదు. పుస్తకం ఆమె జొన్నల డబ్బాలో ఉంది. ఏం చేయమంటావు? నువ్వు చెప్పినట్టు చేస్తాను.

జుబేర్.


నాగర్‌కర్నూల్,
14-7-2003.

జుబేర్‌కు,

ఇచ్చేయి. అందులో ఏముంది? నంబర్లే కదా. నంబర్లు రోడ్డు మీద అందరికీ కనబడేవే. దాని మీద కూర్చుని నువ్వెందుకు ప్రాణం మీదికి తెచ్చుకోవడం? మీ ఇస్రాయేలు సారు గవర్నమెంటు మనిషి. ఆయనకు ఏమన్నా అయితే యూనియను వస్తుంది. నీకు ఏమన్నా అయితే నేను తప్ప ఎవరు వస్తారు? అసలు ఆయన నిన్ను ముందు నిలబెట్టి తాను వెనక ఉన్నాడేమో అని నా అనుమానం.

మీ దుల్హాభాయ్ నిన్న వచ్చాడు. నీ ఉత్తరం చదివి వినిపించాను. దినేష్ పేరు దగ్గర "మల్ల చదువు" అన్నాడు. మళ్ళీ చదివాను. అన్నం సగంలో లేచి చెయ్యి కడుక్కున్నాడు. "మీ తమ్మునికి రాయి. ఆ దారి సంగతి ఇడిసిపెట్టుమను. ఆళ్ళు మంచోళ్ళు కాదు" అన్నాడు. నిన్నంత ప్రేమగా తలుచుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆయన మాటన్నా విను.

అమ్మీకి నా సలాం చెప్పు.

ఆపా.


మానవపాడు,
29-7-2003.

ఆపాకు,

సలాం కూడా రాయాలనిపించడం లేదు.

పుస్తకం ఇచ్చేశాను. పదిహేడో తారీకున దినేష్ వస్తే, అడగకముందే డబ్బాలోంచి తీసి ఇచ్చాను. పేజీలు తిప్పి, జొన్నగింజ ఒకటి కనబడితే ఊదేసి, "షుక్రియా" అన్నాడు. ఆ వారమంతా వాళ్ళు ఇంటింటికీ పోయారు. కొట్టలేదు, తిట్టలేదట. గడప ముందు నిలబడి, "మీ బండి ఇదే గదా, మీ బిడ్డ బడికి ఈ దారినే పోతది గదా" అని అడిగి పోయారట. అది చాలింది. జనం వచ్చి పట్టీలు ఊడదీయించుకున్నారు. ఎవరూ నా ముఖం చూడలేదు. వాళ్ళ చేతిరాత ఆ పుస్తకంలో ఉందని వాళ్ళకు తెలుసు.

బుచ్చన్న తీయలేదు.

24వ తారీకు గురువారం, తెల్లవారి పాలు పోయడానికి పోతుంటే ఆ దారిలోనే టిప్పరు కొట్టింది. వెనక దూరంగా ఇస్రాయేలు సారు వస్తున్నాడు. ఆయన పోయేసరికి బుచ్చన్న చింతచెట్టు మొదట్లో పడి ఉన్నాడు. రోడ్డంతా పాలు. టిప్పరు ఆగలేదు. కర్నూలు పెద్ద దవాఖానలో ఉన్నాడు, తెలివి లేదు. కుడి కాలు మోకాలి కింద తీసేశారు. ఆయన భార్య మణెమ్మ వరండాలో కూర్చుని ఉంది. నేను పోయి నిలబడ్డాను. బిస్కట్ పొట్లం పక్కన పెట్టి వచ్చాను.

చూసినవాళ్ళు ఎవరూ లేరని కేసులో రాశారు. ఇస్రాయేలు సారు చూశాడు. నాకొక్కడికే చెప్పాడు. టిప్పరు నంబరు చివర 6038. "నాకు ఇద్దరు ఆడపిల్లలు జుబేర్" అన్నాడు.

దుల్హాభాయ్‌కి లారీల వాళ్ళంతా తెలుసు. ఆ బండి ఎవరు తోలుతున్నాడో కనుక్కోమను. త్వరగా రాయి.

జుబేర్.


నాగర్‌కర్నూల్,
4-8-2003.

జుబేర్‌కు,

అందరం బాగున్నాం. మీ దుల్హాభాయ్‌కి ఆ నంబరు తెలియదు. ఈ సంగతి నువ్వు ఎవరికీ చెప్పకు. ఇస్రాయేలు సారును కూడా చెప్పవద్దను. పాపకు జ్వరం, ఎక్కువ రాయలేను. కొట్టు కొన్నాళ్ళు మూసుకుని అమ్మీ దగ్గర ఉండు.

ఆపా.


మానవపాడు,
8-8-2003.

ఆపాకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాలుగుసార్లూ నాలుగే వరుసలున్నాయి. బుచ్చన్న బతికాడా, చచ్చాడా అని ఒక్క మాట అడగలేదు. నువ్వు చెప్తేనే పుస్తకం ఇచ్చాను. నీ మీద నెట్టడానికి అనడం లేదు. ఇచ్చిన చెయ్యి నాదే. కానీ నువ్వు ఇంత దూరం జరిగి కూర్చుంటావనుకోలేదు. లారీల వాళ్ళు లారీల వాళ్ళనే కాస్తారు. దుల్హాభాయ్ తెలియదన్నాడంటే తెలుసుకోవాలని లేదు. చెప్పి ఏ చిక్కులో పడతామో అని మీ ఇద్దరి భయం. సరే. మీ ఇల్లు చల్లగా ఉండనీ.

కొట్టులో ఒక మూల గోనెసంచి నిండా పట్టీలున్నాయి. నా చేత ఊడదీయించుకున్నవి ముప్పై ఆరు. ఇంకో ఆరుగురు తామే పీకి పారేశారట. ఒక్కొక్కటీ ఎవరిదో నాకు గుర్తే. నేను గీసిన కొమ్మలు ఒకదానిలాగా ఒకటి ఉండవు. కొట్టు ముందు ఏ జీపు చప్పుడైనా బ్రష్షు కింద పెట్టేస్తున్నాను.

నిన్న ఇస్రాయేలు సారు ఇంటికి పోయి అడిగాను. సరే అన్నాడు. సోమవారం, 11వ తారీకున, ఇద్దరం ఠాణాకు పోయి నంబరు చెప్తాం. పుస్తకం ఇచ్చింది కూడా చెప్తాను.

జుబేర్.


నాగర్‌కర్నూల్,
11-8-2003.

జుబేర్,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. ఈ రోజు సోమవారం. పదిన్నర అయింది. నువ్వు ఈ పాటికి చెప్పేసి ఉంటావు. అందుకే నిజం రాయగలుగుతున్నాను. ఇంక నిన్ను ఆగమని బతిమాలినట్టు కాదు.

6038 మీ దుల్హాభాయ్ బండి.

24వ తారీకు సాయంత్రం చెప్పకుండా ఇంటికొచ్చాడు. బండి వనపర్తి షెడ్డులో ఉందన్నాడు, ఎడమ పక్క రేకు నొక్కుకుపోయిందట. గేదె తగిలిందన్నాడు. నమ్మాను. ఆ రోజు నుంచి రోడ్డు మీద పెద్ద బండి చప్పుడైతే తలుపు వెనక్కి పోయి నిలబడుతున్నాడు. పాప అది ఆట అనుకుని తానూ పోయి పక్కన నిలబడుతోంది. నీ 29వ తారీకు ఉత్తరం నేను గట్టిగానే చదివాను. నంబరు దగ్గరికి వచ్చేసరికి ఆయన గోడకు ఆనుకుని కిందికి కూర్చున్నాడు. ఆయనే చెప్పాడు. ఆయన మాటల్లోనే రాస్తున్నాను, నావి కలపను.

"దినేష్ సార్ పక్క సీట్ల కూసున్నడు. ముంగట పాలబండి పోతుండె. పట్టీ కనబడుతుండె. 'జర దగ్గరికి తీస్కపో, బెదిరితే ఆడే పీకేస్తడు' అన్నడు. హారన్ కొట్టిన. ఆయన పక్కకు జరిగిండు. 'ఇంక జర' అన్నడు. ఇంక జర పోయిన. పాల క్యాన్ బాడీకి తట్టింది. నేను బ్రేకు మీద కాలేసిన. 'ఆపకు' అన్నడు. ఆపలే."

అంతే. గుద్దాలని పోలేదు, బెదిరించాలని పోయాడు. ఈ రెండింటికీ మణెమ్మకు తేడా ఏముంటుంది?

నువ్వు ఆ చెట్ల వాళ్ళతో ఉన్నావని ఆయనకు తెలుసు. ఆ దారి నీది అని జూలైలోనే నేను చదివి వినిపించాను. అయినా పని మానలేదు. ఎందుకని అడిగితే "ఇంకో బండి ఏడున్నది" అన్నాడు. అత్త ఒక్కటే మాట పట్టుకుంది. "ఇంట్ల మాట ఇంట్లనే ఉండనీ." నేను ఆ నాలుగు వరుసలు ఆమె ముందు కూర్చుని రాశాను. పాపకు జ్వరం లేదు. అది కూడా అబద్ధం.

నిన్ను ఏమీ అడగను. అడగకపోవడమొక్కటే నా చేతిలో ఉంది. పోలీసులు ఎప్పుడొస్తారో అని తలుపు దగ్గరే కూర్చున్నాను.

ముబషిరా.


మానవపాడు,
14-8-2003.

ఆపా,

నేను చెప్పలేదు.

సోమవారం ఇస్రాయేలు సారు గేటు దాకా వచ్చాడు. లోపలి నుంచి ఆయన చిన్న కూతురు "నాయినా" అని పిలిచింది. అంతే, గేటు గొళ్ళెం మీద చెయ్యి పెట్టి నిలబడిపోయాడు. నేను ఒక్కడినే ఠాణా ఎదురు హోటల్లో రెండు గంటలు కూర్చున్నాను. మూడు చాయ్‌లు తాగాను. తర్వాత లేచి ఇంటికొచ్చాను. నీ సంగతి అప్పుడు నాకు తెలియదు కదా. నిన్ను కాపాడడానికి ఆగానని చెప్పుకోవడానికి కూడా లేదు. ఉత్త భయం. ఇంటికొచ్చాక హాయిగా అనిపించింది చూడు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

బుధవారం నీ ఉత్తరం వచ్చింది. అమ్మీ ఎవరు రాశారని అడిగితే, ఆపానే, అందరూ బాగున్నారట అన్నాను. నేనూ నీలాగే అబద్ధమాడాను. చాలా సులువుగా వచ్చింది. నీ మీద 8వ తారీకున రాసినదంతా చించేయి.

ఈ రోజు కర్నూలు పోయి వచ్చాను. బుచ్చన్న కళ్ళు తెరిచాడు. బండి గుర్తు లేదు. టిప్పరు గుర్తు లేదు. "పాలు అందరికి పోసినమా" అని మణెమ్మను అడుగుతున్నాడు. ఆమె "పోసినం" అంటోంది. రోజంతా అడుగుతూనే ఉన్నాడు, ఆమె అంటూనే ఉంది.

దినేష్‌ను వదిలేస్తే, నంబరు ఇప్పుడు సారుకూ మనకూ తప్ప ఎవరికీ తెలియదు. సారు చెప్పడు. నేను చెప్పగలను, ఇప్పుడు నా భయం ఏమిటో నాకు తెలుసు గనుక. కానీ నేను చెప్తే దుల్హాభాయ్ ఒక్కడే దొరుకుతాడు. ఆ పక్క సీట్లో ఉన్న మనిషి గురించి చెప్పగలిగింది ఆయన ఒక్కడే. నేను ఏం చేయాలో నువ్వు చెప్పకు. ఆయన ఏం చేయాలో నేనూ చెప్పను. ఒకసారి నీ సలహా నేను విన్నాను, ఇద్దరం చూశాం. ఈ ఉత్తరం మాత్రం ఆయనకు చదివి వినిపించు. బుచ్చన్న పాల మాట వదలకుండా చదువు.

నెలాఖరు దాకా ఆగుతాను.

జుబేర్.


నాగర్‌కర్నూల్,
2-9-2003.

జుబేర్‌కు దీవెనలు.

నీ కార్డు అందింది. దుల్హాభాయ్ ఠాణాకు పోయిన సంగతి నీకు ఊళ్ళోనే తెలిసింది కాబట్టి, అంతకు ముందు జరిగింది రాస్తాను.

నీ ఉత్తరం చదివాను. పాల మాట వదలలేదు. ఆయన రెండు రోజులు గడప దాటలేదు. మూడో రోజు పొద్దున గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, "నువ్వు కూడ రా. ఒక్కణ్ణి పోతే నడిమిట్లనే దిగి యాడికన్న పోత" అన్నాడు. పాపను అత్త దగ్గర విడిచి బస్సెక్కాం. వనపర్తిలో బస్సు మారాలి. అక్కడ ఆయన చాయ్ తెస్తానని దిగితే, రాడేమో అని నేను కిటికీలోంచి ఆయన వీపు మీదినుంచి కళ్ళు తిప్పలేదు. వచ్చాడు. రెండు గ్లాసులూ సగం ఒలికిపోయాయి.

ముందు కర్నూలు దవాఖానకు పోయాం. ఆయన వార్డు తలుపు దాకా వచ్చి ఆగిపోయాడు. నేను లోపలికి పోయాను. మణెమ్మ టిఫిను గిన్నె కడిగి తుడుస్తోంది. ఏ మాటతో మొదలు పెట్టాలో దారి పొడుగునా అనుకున్నవన్నీ మరిచిపోయాను.

"ఆ టిప్పరు తోలినాయన పెండ్లాన్ని నేను" అన్నాను.

ఆమె గిన్నె తుడవడం ఆపలేదు. మూత పెట్టింది. తలుపు దగ్గర నిలబడ్డ మనిషిని ఒకసారి చూసింది.

"ఉత్తగ చెప్పి పోనీకి వచ్చిండ్రా, ఠాణల చెప్తడా?"

"చెప్తడు."

"అయితే పోండ్రి. చెప్పినంక రండ్రి."

ఆయన ఠాణాలో అంతా చెప్పాడు. పక్క సీటు సంగతి, "ఇంక జర" అన్న మాట, "ఆపకు" అన్న మాట. రాసినది చదివి వినిపిస్తే వేలిముద్ర కాదు, సంతకం చేస్తానన్నాడు. ఆయనకు సంతకం ఒక్కటే వచ్చు. చాలాసేపు పట్టింది. తర్వాత లోపలికి తీసుకుపోయారు. నేను మళ్ళీ దవాఖానకు పోయాను. మణెమ్మ కొంచెం పక్కకు జరిగింది. ఆ జాగాలో కూర్చున్నాను. సాయంత్రం దాకా అక్కడే ఉన్నాను.

రోడ్డు పని ఆపించారనీ, మళ్ళీ కొలతలు తీస్తారనీ రాశావు. అప్పటికే ఇరవై రెండు చెట్లు పోయాయని కూడా రాశావు. ఇస్రాయేలు సారు వచ్చి తాను చూసింది చెప్పాడన్న మాట రెండుసార్లు చదివాను. ఆయన మీద నేను అన్నది వెనక్కి తీసుకుంటున్నాను. నీ సంచిలోంచి ఆరు పట్టీలు మళ్ళీ బండ్లకు ఎక్కాయంటే సంతోషమే. మిగతా ముప్పై మందిని తప్పు పట్టకు. నాకు వాళ్ళ సంగతి బాగా తెలుసు.

ఆదివారం దినేష్ ఇక్కడికొచ్చాడు. బెయిలు మీద ఉన్నాడట. నువ్వు రాసినట్టే ఇస్త్రీ చొక్కా, మెత్తటి గొంతు. గడప బయటే నిలబడ్డాడు.

"మీ ఆయన బాబా ఏం చెప్పిండమ్మా ఠాణల? జర తొందరపడ్డట్టున్నడు. కోర్టుల సరిగ చెప్పుమను. మీకు చిన్న పాప గదా."

నా వెనక పాప ఉంది. అత్త దగ్గు కూడా ఆగిపోయింది. నా నోరు ఎండిపోయింది జుబేర్. అబద్ధం చెప్పడానికి కూడా తడి లేదు.

"ఉన్నదే చెప్పిండు. మీరు కూసున్న సీటు కూడ చెప్పిండు. కోర్టుల గూడ గదే చెప్తడు" అన్నాను.

అతను పాపను చూశాడు. నన్ను చూశాడు. జీపు ఎక్కి పోయాడు. తలుపు వేసి గొళ్ళెం పెడదామంటే నా చేతికి అందలేదు. అత్త లేచి వచ్చి తానే పెట్టింది. "ఇంట్ల మాట" అనలేదు ఈసారి. నా వీపు మీద చెయ్యి వేసి అక్కడే నిలబడింది.

పాపను తీసుకుని మానవపాడు వచ్చేయమని రాశావు. అమ్మీ దగ్గర ఉంటే నీకు నిబ్బరంగా ఉంటుందన్నావు. నాకూ ఉంటుంది. భయం పోలేదు, రేపూ పోదు. ఈ ఉత్తరం రాస్తుంటే ఏ చప్పుడైనా కలం ఆగుతోంది. కానీ రాను. అతను మళ్ళీ వస్తాడు. వచ్చినప్పుడు ఇల్లు తాళం వేసి ఉంటే, బాబా పెండ్లాం మాట మార్చుకుని పోయిందని ఊరంతా చెప్తాడు. ఆ మాట జైల్లో ఆయన చెవికి పోతుంది. ఆయన నిబ్బరం ఎంతో నాకు తెలుసు.

తలుపు తీసి జవాబు చెప్పడానికి ఇక్కడ ఒక మనిషి ఉండాలి.

ఆపా.